చెక్ ఇంజిన్ లైట్ ఎవరి కోసం పుట్టింది? పాత కారు, పోయిన పికప్, 80 ఏళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చిన్న బొమ్మ గురించి. డాష్‌బోర్డ్ మీద పసుపు రంగులో వెలిగే ఇంజిన్ బొమ్మ. పాత కారు ఉన్న ఇంట్లో దీన్ని చూడని వాళ్లు ఉండరు. ఒక్కోసారి బండి బాగానే నడుస్తుంది, లైటు మాత్రం ఆరదు. ఇంకోసారి హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే పికప్ ఒక్కసారిగా పడిపోతుంది, ఏమైందా అని కిందికి చూస్తే ఈ బొమ్మ వెలుగుతూ ఉంటుంది.

డ్రైవర్‌కి సాయంగా కంపెనీ వాళ్లు పెట్టిన లైటు అని మనం అనుకుంటాం. కాదు. ఇది పుట్టింది మీ ఇంజిన్ కోసం కాదు, మీరు పీల్చే గాలి కోసం. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ లైటు ఏం చెప్తుంది, ఏం చెప్పదు అనేది సగం అర్థమైపోతుంది. మిగతా సగం అర్థం కావాలంటే మనం 1943కి వెళ్లాలి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్. 1943 జులై. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఒక రోజు ఊరంతా దట్టమైన పొగ కమ్మేసింది. కళ్లు మండుతున్నాయి, గొంతు పట్టేస్తోంది. జపాన్ వాళ్లు గ్యాస్ వదిలారేమో అని జనం హడలిపోయారు. తర్వాత అనుమానం ఒక సింథటిక్ రబ్బర్ ముడిసరుకు తయారుచేసే ప్లాంట్ మీదికి వెళ్లింది. దాన్ని మూయించారు. పొగ మాత్రం పోలేదు.

అసలు దొంగని పట్టుకున్నది అరీ హాగెన్ స్మిత్ అనే కెమిస్ట్. డచ్ ఆయన, కాల్‌టెక్‌లో ప్రొఫెసర్. అప్పటిదాకా ఆయన పని ఏంటో తెలుసా? పైనాపిల్‌కి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టడం! అదే పద్ధతిలో లాస్ ఏంజెలెస్ గాలిని పట్టి పరీక్షించారు. 1950ల మొదట్లో తేల్చింది ఇది: కార్ల నుంచి, ఆయిల్ రిఫైనరీల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలితే ఓజోన్‌ని పుట్టిస్తున్నాయి. ఊరిని కమ్మేసిన ఆ పొగకి మూలం ఇదే. అంటే తమ కారే తమ గొంతు పట్టుకుంటోంది అన్నమాట. కార్ల కంపెనీలు వెంటనే ఒప్పుకోలేదు, అది వేరే కథ. 1967లో కాలిఫోర్నియా గాలి కోసం ఒక ప్రత్యేక బోర్డు పెట్టింది. దానికి మొదటి ఛైర్మన్ మన పైనాపిల్ ప్రొఫెసరే.

1970లో అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ తెచ్చింది. కార్ల పొగలో విషాలు 90 శాతం తగ్గాలని కంపెనీలకి టార్గెట్ పెట్టింది. అప్పుడు వచ్చిందే క్యాటలిటిక్ కన్వర్టర్. 1975 మోడల్ కార్ల నుంచి అమెరికాలో ఇది మామూలు అయిపోయింది. సైలెన్సర్ పైపు దారిలో ఒక డబ్బా. లోపల తేనెపట్టు లాంటి సన్నని గదులు, వాటి మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాల పూత. విషవాయువులు లోపలికి వెళ్లి, చాలావరకు హాని లేని వాయువులుగా బయటికి వస్తాయి.

కానీ ఈ డబ్బా చాలా సున్నితం. మూడు రకాల విషాల్నీ అది ఒకేసారి శుభ్రం చెయ్యాలంటే, 1 గ్రాము పెట్రోల్‌కి దాదాపు 14.7 గ్రాముల గాలి కలవాలి. అటూ ఇటూ అయితే పని చెయ్యదు. స్క్రూ తిప్పి ట్యూనింగ్ చేసే కార్బురేటర్‌కి అంత కచ్చితత్వం ఎక్కడిది? అందుకని సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. 1976లో వోల్వో, బాష్ కంపెనీలు కలిసి దాన్ని కాలిఫోర్నియా మార్కెట్‌కి తెచ్చాయి. సెన్సర్ చెప్పింది విని పెట్రోల్ తగ్గించడానికి, పెంచడానికి ఒక కంప్యూటర్ కావాలి. 1981కి జనరల్ మోటార్స్ తన అమెరికన్ పెట్రోల్ కార్లలో ఆ కంప్యూటర్ పెట్టేసింది. చూశారా? కారులోకి కంప్యూటర్ ఇలా పొగ గొట్టం వైపు నుంచి వచ్చింది.

ఇప్పుడు ఒక చిక్కు వచ్చింది. సెన్సర్ చెడిపోతే ఏమవుతుంది? చాలాసార్లు డ్రైవర్‌కి ఏమీ తెలీదు. బండి నడుస్తుంది, ఏసీ వస్తుంది, పాటలు వస్తాయి. వెనక వచ్చే పొగ మాత్రం విషం. తనకి ఇబ్బంది లేనప్పుడు ఎవరు షెడ్డుకి తీసుకెళ్తారు చెప్పండి? అందుకే కాలిఫోర్నియా ఒక రూల్ పెట్టింది. 1988 మోడల్ నుంచి, పొగని అదుపు చేసే భాగాల మీద కారే నిఘా పెట్టుకోవాలి, తేడా వస్తే లైటు వెలిగించాలి. అదే ఓబీడీ, ఆన్ బోర్డ్ డయాగ్నోస్టిక్స్.

ఎర్ర లైట్ల కథ వేరు. ఆయిల్ ప్రెషర్ లైటు 1930ల నుంచే ఉంది, హడ్సన్ అనే కంపెనీ కార్లలో. మీటర్ లాగా ముందే హెచ్చరించదు, కొంప మునిగాకే వెలుగుతుందని అమెరికన్లు వాటిని ఇడియట్ లైట్స్ అని వెక్కిరించేవాళ్లు. కానీ ఆ ఎర్ర లైటు నిజంగా మీ ఇంజిన్ కోసమే. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. ఇంటిదాకా వెళ్లిపోదాం అనే లెక్క అక్కడ పనికిరాదు.

సరే, పసుపు లైటు వెలిగింది. కారణం ఏంటో ఎలా తెలుస్తుంది? అప్పట్లో జనరల్ మోటార్స్ కార్లలో ఒక సరదా పద్ధతి ఉండేది. డాష్‌బోర్డ్ కింద కనెక్టర్‌లో రెండు పిన్నుల్ని ఒక పేపర్ క్లిప్‌తో కలిపి తాళం తిప్పితే, లైటు మినుకు మినుకుమని లెక్క చెప్పేది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే కోడ్ 12. అంటే సిస్టమ్ పని చేస్తోంది అని. తర్వాత ఒక్కో తప్పుకి ఒక్కో అంకె. కానీ ప్రతి కంపెనీకీ వేరే కనెక్టర్, వేరే కోడ్లు. ఒక మెకానిక్ పది కంపెనీల బళ్లు చూడాలంటే పది భాషలు రావాలి.

నా దృష్టిలో ఈ కథలో అసలు పోరాటం ఇక్కడే ఉంది. లైటు వెలిగించే హక్కు కంపెనీది. మరి దాన్ని చదివే హక్కు ఎవరిది? 1990లో అమెరికా చట్టం మార్చినప్పుడు ఓబీడీని దేశమంతా తప్పనిసరి చెయ్యాలంది. దాంతోపాటు పొగకి సంబంధించిన రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకీ ఇవ్వాలని రాసింది. 1996 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకీ ఒకే 16 పిన్నుల కనెక్టర్, పీ తో మొదలయ్యే ఒకే రకం కోడ్లు. దీన్నే ఓబీడీ 2 అంటాం.

మీరు ఆన్‌లైన్‌లో కొనే చవక బ్లూటూత్ స్కానర్ కూడా ఆ రూల్ పుణ్యమే. అందులో ఉండేది ఎక్కువగా ఈఎల్ఎం 327 అనే చిప్‌కి నకలు. అసలుది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసింది. మొదటి వెర్షన్‌లో కాపీ ప్రొటెక్షన్ ఆన్ చెయ్యలేదు. ఇంకేముంది, ప్రపంచమంతా కాపీ కొట్టేసింది. ఎల్మ్ వాళ్లకి అది నష్టమే, కానీ వీధి చివర మెకానిక్ చేతికి స్కానర్ వచ్చింది.

ఇప్పుడు పికప్ సంగతి. యాక్సిలరేటర్ నొక్కుతున్నా బండి కదలనంటే, రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి, నిజంగానే ఇంజిన్‌కి ఏదో అందట్లేదు: డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయింది, ప్లగ్ మిస్ కొడుతోంది, అలాంటివి. రెండోది, పవర్ ఇవ్వకూడదని కంప్యూటరే నిర్ణయించుకుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు. లింప్ అంటే కుంటడం. ఒక సెన్సర్ మాట నమ్మకం లేకపోతే కంప్యూటర్ దాన్ని పక్కనపెట్టి, ఏ ప్రమాదమూ లేని లెక్కలతో బండి నడుపుతుంది. స్పీడ్ రాదు, టర్బో ప్రెషర్ తగ్గిస్తుంది. షెడ్డుదాకా కుంటుకుంటూ వెళ్లు, ఇంజిన్ మాత్రం పాడుచేసుకోకు అని దాని ఉద్దేశం.

మా నాన్నది 2014 డీజిల్ కారు. ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు పికప్ పోయేది. తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు స్కానర్ పెట్టి, పీ 0299 వచ్చింది, టర్బో మార్చాలి అన్నారు. లెక్క 50 వేలు దాటింది. నాన్న ఒప్పుకునేలోపు నేను ఆ కోడ్‌కి అర్థం చూశాను. అందులో టర్బో చెడిపోయింది అని ఎక్కడా లేదు! టర్బో నుంచి రావలసినంత గాలి ఒత్తిడి రావట్లేదు అని ఉంది, అంతే. మా వీధి మెకానిక్ అన్న ఇంజిన్ రేస్ చేయించి, టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపుని చేత్తో తడిమాడు. కింది వైపు చీలిక ఉంది. మామూలు రోడ్డు మీద అది తెరుచుకోదు, ఘాట్ ఎక్కేటప్పుడు ప్రెషర్ పెరిగితే నోరు తెరుస్తుంది. పైపు మార్చడానికి మొత్తం 2 వేల లోపే అయింది.

కోడ్ అనేది సాక్షి మాట, తీర్పు కాదు. ఇంకో ఉదాహరణ చెప్తాను. పీ 0171 అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. కానీ సెన్సర్ నిజమే చెప్తూ ఉండొచ్చు కదా! ఎక్కడో పైపు పగిలి గాలి దొంగదారిలో లోపలికి వస్తుంటే సెన్సర్ ఏం చేస్తుంది? దొంగతనం చూసి చెప్పినవాణ్ణి జైల్లో వేసినట్టు ఉంటుంది అది.

ఇక లైటు ఆరకుండా వెలగడం వేరు, టకటకా మినుకుమనడం వేరు. ఓబీడీ 2 ఉన్న పెట్రోల్ బండిలో మినుకుమంటే, ఇంజిన్ గట్టిగా మిస్ కొడుతోంది అని. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది. ఆ వేడికి లోపలి తేనెపట్టు కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోయే దారి లేకపోతే కొత్త గాలి లోపలికి రాదు, పికప్ చచ్చిపోతుంది. కొన్ని వందల ప్లగ్ దగ్గర మొదలైన సమస్య వేలల్లో ఆగుతుంది. అందుకే అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి.

మన దేశంలో ఈ కథ ఆలస్యంగా మొదలైంది. 1995లో నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000లో సీసం కలిపిన పెట్రోల్ పోయింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో బీఎస్ 4 వచ్చింది, దాంతోపాటే ఓబీడీ. 2013లో ఆ బీఎస్ 4 బళ్లకి ఓబీడీ 2 వచ్చింది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి.

చదివే హక్కు గొడవ ఇక్కడా వచ్చింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్లు జరిమానా వేసింది. విడి భాగాలు, డయాగ్నోస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకి అందనివ్వట్లేదని తేల్చింది. కంపెనీలు కోర్టులకీ అప్పీళ్లకీ వెళ్లాయి. కానీ మన షెడ్డు మెకానిక్ కష్టం ఒక అధికారిక ఆర్డర్‌లోకి ఎక్కడం చిన్న విషయం కాదు.

లైటు వెలగనంత మాత్రాన అంతా బాగున్నట్టేనా? 2015 గుర్తుందా? ఫోక్స్‌వాగన్ తన డీజిల్ కార్ల సాఫ్ట్‌వేర్‌లో మోసం పెట్టింది. ల్యాబ్‌లో టెస్ట్ జరుగుతోందని కనిపెడితే శుభ్రంగా, రోడ్డు మీద అయితే నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్లదాకా. ప్రపంచమంతా కలిపి దాదాపు 1 కోటి 10 లక్షల కార్లు. కాపలా కాసే కంప్యూటరే మోసం చేస్తుంటే ఎవరు చెప్తారు? వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు పొగ కొలిచే మెషిన్ డిక్కీలో పెట్టుకుని రోడ్డు మీద కారు నడిపారు. అక్కడి నుంచే తీగ లాగారు.

సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినవాడిగా నాది ఒకటే రిక్వెస్ట్. స్కానర్ కొన్న వెంటనే ఎరేజ్ బటన్ నొక్కకండి. కోడ్ పడిన క్షణంలో స్పీడ్ ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అనేది ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. ఎరేజ్ చేస్తే అదీ పోతుంది. సర్వర్ పడిపోతే లాగ్స్ డిలీట్ చేసి, బగ్ పోయింది అన్నట్టు ఉంటుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లి టర్బో మార్చు, సెన్సర్ మార్చు అని చెప్పకండి. ఎప్పుడు పోయింది, ఎత్తు ఎక్కుతుంటేనా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, మళ్లీ స్టార్ట్ చేస్తే వచ్చిందా, ఇవి చెప్పండి. ఆయనకి కావాల్సింది ఇదే.

ఎనభై ఏళ్ల కింద ఒక ఊరి జనానికి కళ్లు మండితే పుట్టిన లైటు ఇది. దాన్ని మనం కూడా చదవగలగడానికి చట్టాలు కావలసి వచ్చాయి. నల్ల టేప్ అంటించి దాచేసేముందు ఒక్కసారి ఏం చెప్తోందో చూడండి.