మార్వాడీ గుర్రం - చెవుల అందం, నడక సుఖం

'మార్వాడీ' అనగానే మన ఊళ్ళలో బట్టల కొట్టు గుర్తుకొస్తుంది. ఆ పేరుతో ఒక మేలుజాతి గుర్రం ఉన్నదని మన సభ్యుల్లో చాలామంది విని ఉండరు. రాజస్థాన్‌లోని మార్వాడ్, అంటే జోధ్‌పూర్ ప్రాంతం, దాని పుట్టిల్లు. అక్కడి రాఠోడ్ రాజులు తరతరాలుగా దానిని పెంచి పోషించారు.

ఈ గుర్రాన్ని చిన్నపిల్లలైనా గుర్తుపడతారు. రెండు చెవులూ లోపలికి వంపు తిరిగి, కొసలు ఒకదానికొకటి తాకుతుంటాయి. భుజాల దగ్గర ఎత్తు సుమారు 150 నుంచి 160 సెంటీమీటర్లు. పొడుగాటి కాళ్ళు, సన్నని ఒళ్ళు.

కాని నా దృష్టిలో అసలు విశేషం చెవులు కాదు, నడక. దానిని 'రవాల్' అంటారు. మామూలు గుర్రం కొంచెం వేగం అందుకుంటే కుడి ముందుకాలితో ఎడమ వెనుకకాలు జంటగా పడుతుంది. పైనున్న రౌతు జీను మీద ఎగిరెగిరి పడతాడు. రవాల్‌లో ఒకే పక్కనున్న ముందుకాలూ వెనుకకాలూ దాదాపు కలిసి కదులుతాయి. వీపు పెద్దగా ఊగదు. ఎడారిలో రోజంతా సాగే ప్రయాణానికి ఇంతకన్న ఏం కావాలి?

పూర్వం ఈ జాతి లక్షణాలను యవల లెక్కన కొలిచేవారు. అయిదు యవగింజల వెడల్పు ఒక వేలు. ముఖం పొడవు 28 నుంచి 40 వేళ్ళుండాలి. నడినెత్తి నుంచి తోక మొదలు వరకు దానికి నాలుగింతలు ఉండాలి. ఆపైన సుడులు చూసేవారు, మన రైతులు ఎద్దును కొనేటప్పుడు చూసినట్టే. మెడ మీది పొడుగు సుడి శుభం, కంటి కింది సుడి అశుభం. ముఖాన తెల్లచార, నాలుగు కాళ్ళకూ తెలుపు ఉంటే అదృష్టం. అదే మన కథల్లోని పంచకల్యాణి! ఇటువంటి శాస్త్రం మనకూ లేకపోలేదు. మనుమంచిభట్టు తెలుగులోనే అశ్వలక్షణ గ్రంథం రచించాడు. సుడుల నమ్మకం మాట ఎలా ఉన్నా, ఆ కొలతల వెనుక మాత్రం గుర్రంతో బతికిన వాళ్ళ అనుభవం ఉంది.

ఇంగ్లీషు దొరల హయాంలో ఈ జాతికి చెడ్డరోజులు వచ్చాయి. వారికి తమ థరోబ్రెడ్ గుర్రాలూ, పోలో గుర్రాలూ ముద్దు. ఆ వంపు చెవులను 'నాటు గుర్రం గుర్తు' అని ఎగతాళి చేశారు. అదే దొరల తరఫున 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్ అశ్వికదళం హైఫా పట్టణాన్ని గెలిచిపెట్టింది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు ఆ బ్రిగేడుకు స్మారకం. జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు మన హైదరాబాదు దళానికీ అందులో చోటున్నది. ఢిల్లీ వెళ్ళినవారు తప్పక చూడాలి.

1930 దశకానికి జాతి బాగా క్షీణించింది. అప్పుడు జోధ్‌పూర్ మహారాజు ఉమైద్ సింగ్ పూనుకొని మేలైన గుర్రాలను సేకరించి నిలబెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చి జాగీర్లు పోయాక మళ్ళీ కష్టమే. మేపే స్తోమత లేక వదిలించుకున్నవి కొన్ని, బరువులు మోయడానికి పోయినవి కొన్ని, చంపినవి కొన్ని. ఆయన మనుమడు గజ్ సింగ్ తిరిగి ఆ పని అందుకున్నాడు.

2009లో ప్రభుత్వ ఆమోదంతో మార్వాడీ గుర్రాల సంఘం వారు రిజిస్టరు మొదలుపెట్టారు. ప్రతి గుర్రాన్నీ పరీక్షించి, కొలతలూ గుర్తులూ రాసుకొని, గడ్డకట్టే చల్లని ముద్రతో ఒంటి మీద నంబరు వేసి, ఫొటో తీస్తారు. ఆఫీసులో రిజిస్టర్లతోనే బతికిన మనకు దీని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఎంట్రీ లేనిది లేనట్టే కదా! అయితే ఒక సందేహం నన్ను వదలదు. చెవుల వంపు ఫొటోలో పడుతుంది, నడక పడదు. కొనేవారు చెవులు చూసి ధర కడుతూ పోతే, పెంచేవారూ చెవుల కోసమే జతకట్టిస్తారు. గుర్రాన్ని ఎక్కి నాలుగు మైళ్ళు నడిపించి చూశాకే మార్కులు వెయ్యాలని నా అభిప్రాయం.

తొందరపడవలసిన అవసరమూ ఉంది. 2012 పశుగణనలో దేశంలోని గుర్రాలు సుమారు 6.25 లక్షలు. 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. వాటిలో మార్వాడీవి సుమారు 33 వేలు. 2023లో బికనీరులోని ప్రభుత్వ అశ్వపరిశోధన కేంద్రం వారు ఒక మార్వాడీ గుర్రం పిండాన్ని మరో గుర్రం కడుపులో పెట్టి ఆడపిల్లను పుట్టించారు. దానికి 'రాజ్ ప్రథమ' అని పేరు పెట్టారు.