పంచుకొన్న యంత్రము – నేర్చిన భాషలు

మాటలు కూర్చు కృత్రిమ మేధను తయారుచేయుటకు సూపర్ కంప్యూటరు కావలెను. అట్టి యంత్రమును కొనుట పెక్కు విశ్వవిద్యాలయములకు శక్తికి మించిన పని. అందుచేత 2021లో అనేక దేశముల పరిశోధకులు ‘బిగ్‌సైన్స్’ అను పేర ఏకమైరి. క్రమముగా వారి సంఖ్య వేయి దాటినది. ఫ్రాన్సు దేశము ప్యారిస్ చెంత ఓర్సేలోనున్న ‘జాఁ జే’ అను ప్రభుత్వ యంత్రమును వారికి ఉచితముగా వాడుకొననిచ్చినది. 2022 మార్చి మొదలు జూలై వరకు 384 ప్రాసెసర్లు పనిచేయగా ‘బ్లూమ్’ అను భాషా నమూనా సిద్ధమైనది. అది నేర్చిన 46 మానవ భాషలలో తెలుగు ఒకటి. అయితే దానిచేత చదివించిన వ్రాతలో తెలుగు వంతు వేయింట ఒకటికన్న తక్కువ. యంత్రమును పరదేశీయులు పంచి ఇయ్యగలరు. చదివించుటకు తగిన తెలుగు వ్రాతను సమకూర్చవలసినది తెలుగువారే.