ఆంక్షల అనంతరం మాస్కు: శాన్‌ఫ్రాన్సిస్కో, జపాన్ అనుభవాల చారిత్రక పరిశీలన

ప్రవేశిక

అంటువ్యాధుల చరిత్రలో ఆంక్షలు విధించిన రోజులకు ఉన్న ప్రాధాన్యం వాటిని ఎత్తివేసిన రోజులకు దక్కలేదు. విధింపునకు ఉత్తర్వు ఉంటుంది, దాన్ని అమలు చేసిన పోలీసుల నివేదిక ఉంటుంది, వసూలైన జరిమానాల లెక్క ఉంటుంది. ఎత్తివేతకు మాత్రం ఒక చిన్న ప్రకటన తప్ప సాధారణంగా మరేమీ మిగలదు. మరునాడు జనం ఏం చేశారన్నది నమోదు చేయవలసిన బాధ్యత ఏ కార్యాలయానికీ ఉండదు. అయితే ఒక ఆచరణ కేవలం భయం వల్ల సాగిందా, అలవాటుగా స్థిరపడిందా అన్న ప్రశ్నకు ఆధారం లభించేది ఆ మరునాటి నుంచే.

కోవిడ్ ఆంక్షలు సడలిన తరువాత కొన్ని సమాజాలు మాస్కును వెంటనే విడిచిపెట్టాయి, కొన్ని చాలాకాలం విడువలేదు. ఈ వ్యత్యాసానికి పత్రికలలోనూ, కొన్ని అకడమిక్ రచనలలోనూ తరచుగా వినిపించిన వివరణ ‘సంస్కృతి’. తూర్పు ఆసియా ప్రజలు సామూహిక క్రమశిక్షణకు అలవాటుపడినవారనీ, పాశ్చాత్యులు వ్యక్తిస్వేచ్ఛను ప్రేమించేవారనీ దీని సారాంశం. ఈ వివరణలో ఉన్న ప్రధాన లోపం, దానికి తేదీలు లేకపోవడం. జపాన్‌లో మాస్కు అనాదిగా వస్తున్న ఆచారం కాదు, అది ఎప్పుడు, ఏ కారణాలతో వచ్చిందో చెప్పగలం. శాన్‌ఫ్రాన్సిస్కో పౌరులు కూడా ఒక దశలో నగరమంతా మాస్కు ధరించినవారే. ఆంక్షలు తొలగే నాటికి మాస్కుకు వ్యాధితో నిమిత్తం లేని మరొక ఉపయోగం ఏర్పడిందా లేదా అన్నదే అలవాటు నిలవడానికి కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

శస్త్రచికిత్స గది నుంచి వీధికి

మాస్కు మొదట వైద్యుని పరికరం. బ్రెస్లావులో కార్ల్ ఫ్లుగె మాట, దగ్గుల తుంపరలలో సూక్ష్మజీవులు ప్రయాణిస్తాయని నిరూపించిన కాలంలోనే, 1897లో, అదే నగరానికి చెందిన శస్త్రచికిత్సకుడు యొహాన్ మికులిచ్ ముఖానికి పలుచని గుడ్డ కట్టుకుని శస్త్రచికిత్స చేసిన అనుభవాన్ని ప్రకటించాడు. దాన్ని అంటువ్యాధి నివారణకు విస్తృతంగా వాడిన ఘట్టం 1910-11 నాటి మంచూరియా న్యుమోనిక్ ప్లేగు. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియన్-తె, ఈ ప్లేగు గాలి ద్వారా మనిషి నుంచి మనిషికి సోకుతుందని వాదించి, గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టిన మాస్కును వైద్యులకూ, పారిశుధ్య సిబ్బందికీ, సామాన్యులకూ సూచించాడు. ఆయన మాటను తేలికగా తీసుకుని మాస్కు లేకుండా రోగులను చూసిన ఫ్రెంచి వైద్యుడు మెస్నీ 1911 జనవరిలో అదే ప్లేగుతో మరణించాడు. సుమారు 60,000 మంది ప్రాణాలు తీసిన ఈ ఉపద్రవంపై 1911 ఏప్రిల్‌లో ముక్దెన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు జపాన్ నుంచి కితసాతో షిబసబురో హాజరయ్యాడు. ఈ ఘట్టపు ఛాయాచిత్రాలు మాస్కును ఆధునికతకు, శాస్త్రీయతకు గుర్తుగా ఎలా నిలిపాయో మానవశాస్త్రవేత్త క్రిస్టోస్ లింటెరిస్ వివరంగా చర్చించాడు.

శాన్‌ఫ్రాన్సిస్కో: రెండుసార్లు తీసిన మాస్కు

1918 అక్టోబరు చివరి వారంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి బహిరంగ ప్రదేశాలలో మాస్కును తప్పనిసరి చేసింది. దీని వెనుక ఉన్న వ్యక్తి నగర ఆరోగ్యాధికారి విలియం హాస్లర్. ఉల్లంఘించినవారిపై శాంతిభంగం నేరం మోపేవారు. చాలామందికి 5 డాలర్ల జరిమానా పడేది, ఆ సొమ్ము రెడ్‌క్రాస్‌కు వెళ్ళేది. మొండికేసినవారు కొన్ని రోజులు జైలులో గడిపారు. ముష్టియుద్ధపు పోటీకి వెళ్ళి మాస్కు లేకుండా పట్టుబడిన మేయర్ జేమ్స్ రోల్ఫ్ కూడా జరిమానా చెల్లించవలసి వచ్చింది. తాను సంతకం చేసిన శాసనానికి తానే దొరికిపోవడం చరిత్రకారులు ఎన్నిసార్లు చెప్పినా విసుగు కలిగించని సంగతి.

ఇక్కడ గమనించవలసింది ఆనాటి ప్రచారపు భాష. మాస్కు వేసుకోనివారిని రెడ్‌క్రాస్ ప్రకటనలు యుద్ధ విధి నుంచి తప్పించుకునే పిరికివారితో సమానం చేశాయి. అంటే మాస్కు ఆరోగ్యసూత్రంగా కంటే దేశభక్తి చిహ్నంగా జనంలోకి వెళ్ళింది. నవంబరు 11న యుద్ధవిరమణ జరిగింది. ఆ తరువాత పది రోజులకు, నవంబరు 21 మధ్యాహ్నం 12 గంటలకు, నగరమంతటా ఈలలు మోగగానే జనం మాస్కులు లాగి వీధుల్లో పారేశారు. అప్పటివరకు మాస్కుకు అర్థాన్నిచ్చిన యుద్ధం ముగిసింది గనుక, మాస్కు మిగలడానికి వేరే కారణం లేకపోయింది. అలవాటు ఏర్పడడానికి నాలుగు వారాలు చాలవనే వాదన కూడా ఉంది. అది కొంతవరకు నిజమే గాని, తరువాతి పరిణామాలకు అది ఒక్కటే చాలదు.

డిసెంబరులో కేసులు మళ్ళీ పెరగగా హాస్లర్ మాస్కును స్వచ్ఛందంగా ధరించమని కోరాడు. జనం పెద్దగా వినలేదు. తిరిగి తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను పాలక మండలి ఆ నెలలో తిరస్కరించింది. మాస్కు వల్ల వ్యాపారం దెబ్బతింటుందన్న వర్తకుల అభ్యంతరం అందులో కీలకపాత్ర వహించింది. చివరకు 1919 జనవరి 17 నుంచి నిబంధన మళ్ళీ వచ్చింది. ఈసారి దానితోపాటు మాస్కు వ్యతిరేక సంఘం కూడా పుట్టింది. మాస్కు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని, ఆ నిబంధన పౌరస్వేచ్ఛకు భంగమని ఆ సంఘం వాదన. ఫిబ్రవరి 1న నిబంధనను రెండవసారి తొలగించారు.

మొదటి విడతలో దాదాపు నగరమంతా పాటించిన ఆచరణ, రెండవ విడతకు రాజకీయ వివాదంగా మారడానికి మధ్య గడిచిన కాలం రెండు నెలల లోపే. ‘అమెరికన్ల స్వభావం’ ఈ రెండు నెలల్లో మారిపోయిందని ఎవరూ అనలేరు. ఈ నగర అనుభవాన్ని తన గ్రంథంలో విపులంగా చర్చించిన ఆల్‌ఫ్రెడ్ క్రాస్‌బీ ఆ మహమ్మారినే అమెరికా మరచిపోయిందని అభిప్రాయపడ్డాడు. మాస్కు ఆ మరుపులో ఒక భాగం. దానికి తోడు, 1920లో కాలిఫోర్నియా ఆరోగ్య మండలికి చెందిన డబ్ల్యు. హెచ్. కెలాగ్, గ్రేస్ మెక్‌మిలన్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగ ఫలితాలు, గాజుగుడ్డ మాస్కును నిర్బంధంగా అమలు చేయదగినంత సామర్థ్యం దానికి రుజువు కాలేదని తేల్చాయి. ఆ విధంగా శాసనమూ శాస్త్రమూ రెండూ మాస్కును విడిచాయి.

జపాన్: చట్టం లేకుండా నిలిచిన అలవాటు

అదే ఇన్‌ఫ్లుయెంజా జపాన్‌లో మరింత పెద్ద విపత్తు. జనాభా చరిత్రకారుడు హయామి అకిర అంచనా ప్రకారం జపాన్ ప్రధాన భూభాగంలో మృతులు సుమారు 4,50,000. హోం మంత్రిత్వ శాఖ పారిశుధ్య విభాగం ముద్రించిన గోడపత్రికలలో రైలు పెట్టెలో దగ్గుతున్న ప్రయాణికుడు, అతని నోటినుంచి వెలువడే తుంపరలు కనిపిస్తాయి. మాస్కు వేసుకోనివారు ప్రాణమంటే లెక్కలేనివారన్నది వాటిలోని హెచ్చరిక. ట్రాములు, నాటకశాలలలోకి మాస్కు లేనివారిని రానివ్వరాదన్న సూచనలు వచ్చినా, శాన్‌ఫ్రాన్సిస్కోలో వలె పట్టుకుని జైలుకు పంపే శాసనం దేశవ్యాప్తంగా రాలేదు. కొరత ఏర్పడినప్పుడు ఇంట్లోనే కుట్టుకునే పద్ధతి పత్రికలు నేర్పాయి. 1922లో ఆ శాఖే ఈ మహమ్మారిపై విస్తృతమైన నివేదికను ప్రచురించింది. కాబట్టి అక్కడ మరుపు అంత సులభంగా సాగలేదు.

అయితే 1920ల మాస్కు నేరుగా 2020ల మాస్కు అయిందనుకోవడం పొరపాటు. నడుమ చాలాకాలం అది జలుబు చేసినవారు చలికాలంలో ధరించే వస్తువుగానే ఉంది. 1934లో ఇన్‌ఫ్లుయెంజా మళ్ళీ ప్రబలినప్పుడు అమ్మకాలు పెరిగాయి. తనకు రోగం రాకుండా కాక, తన జలుబు ఇతరులకు అంటకుండా వేసుకోవడమన్న మర్యాద క్రమంగా రూపుదిద్దుకుంది. కానీ మాస్కును ఏటేటా వీధిలోకి తెచ్చినది సూక్ష్మజీవి కాదు, చెట్టు.

యుద్ధకాలంలో నరికివేసిన అడవుల స్థానంలో, 1950, 60 దశకాలలో కలప అవసరాల కోసం జపాన్ ప్రభుత్వం సుగి అనే దేవదారు జాతి వృక్షాలను లక్షలాది హెక్టార్లలో నాటించింది. దిగుమతి కలప చవకగా దొరకడంతో వాటిని నరికేవారు లేకపోయారు. ముదిరిన చెట్లు ప్రతి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పుప్పొడిని కుమ్మరిస్తాయి. నిక్కో ప్రాంతంలో ఈ పుప్పొడి ఎలర్జీని 1964లో తొలిసారిగా వైద్యసాహిత్యంలో నమోదు చేశారు. చెవి, ముక్కు, గొంతు వైద్యుల కుటుంబాలలో జరిపిన జాతీయ సర్వేలలో దీని వ్యాప్తి 1998లో 16.2 శాతం, 2008లో 26.5 శాతం, 2019లో 38.8 శాతం. అటవీ విధానంలోని ఒక నిర్ణయం అర్ధశతాబ్దం తరువాత ముఖం మీద గుడ్డగా ప్రత్యక్షమవుతుందని ఆ మొక్కలు నాటినవారు ఊహించి ఉండరు. 2003లో యూనిచార్మ్ సంస్థ పుప్పొడి బాధితులను దృష్టిలో ఉంచుకుని ముఖాకృతికి అమరే, వాడి పారేసే మాస్కును విపణిలోకి తెచ్చింది. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చేసరికి వస్తువూ, దుకాణమూ, అలవాటూ మూడూ సిద్ధంగా ఉన్నాయి.

ఆడమ్ బర్గెస్, హోరీ మిత్సుతోషి 2012లో ప్రచురించిన పరిశోధనలో మాస్కును అనిశ్చిత కాలంలో వ్యక్తి తనకు తాను కల్పించుకునే భద్రతాభావంగా వ్యాఖ్యానించారు. ముఖం కనపడకుండా ఉండడానికి, అలంకరణ చేసుకోని రోజున బయటికి వెళ్ళడానికి వేసుకునే మాస్కుకు ‘దాతె మాసుకు’, అంటే వట్టి సోకు మాస్కు, అన్న పేరే ఏర్పడింది. కోవిడ్ కాలంలో యువత దాన్ని ‘ముఖపు లోదుస్తు’ అని కూడా పిలిచింది. హాస్యంగా పుట్టినా, తీస్తే సిగ్గు కలిగే స్థితికి అలవాటు చేరిందని చెప్పే మాట ఇది.

కోవిడ్ కాలంలోనూ జపాన్‌లో మాస్కుకు జరిమానా లేదు, ప్రభుత్వ విజ్ఞప్తి మాత్రమే ఉంది. 2023 మార్చి 13 నుంచి మాస్కు వ్యక్తి విచక్షణకు సంబంధించినదని ప్రకటించారు. అయినా టోక్యో వీధులలో అత్యధికులు మాస్కుతోనే కనిపించారు. విదేశీ విలేఖరులు దీన్ని విధేయతగా వర్ణించారు. విజ్ఞప్తిని ప్రభుత్వమే వెనక్కి తీసుకున్న తరువాత విధేయత దేనికన్నది వారు వివరించలేదు. పైగా మార్చి నడిమి రోజులంటే పుప్పొడి ఉధృతంగా ఉండే కాలమన్న సంగతి ఆ వర్ణనలలో అరుదుగా కనిపిస్తుంది.

చట్టం రెండు వైపులా: హాంకాంగ్

ఈ ప్రతిపాదనకు హాంకాంగ్ ఒక కఠిన పరీక్ష. 2003 నాటి సార్స్ తరువాత అక్కడ జలుబు చేసినవారు మాస్కు ధరించడం మర్యాదగా నిలిచింది. 2019 అక్టోబరులో, నిరసనకారులను గుర్తించడానికి వీలుగా, ప్రభుత్వం సభలు, ఊరేగింపులలో ముఖం కప్పుకోవడాన్ని నిషేధించింది. ఏడాది తిరగకముందే, 2020 జూలైలో, ప్రజారవాణాలో మాస్కును తప్పనిసరి చేసింది. రెండు నిబంధనలూ కొంతకాలం పక్కపక్కనే అమలులో ఉన్నాయి. 2020 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించినప్పుడు, ఆ తీర్పు కోసం బయట ఎదురుచూసినవారు చట్టప్రకారం మాస్కులు ధరించవలసినవారే. 2023 మార్చి 1న నిర్బంధం తొలగినా మాస్కు వీధుల నుంచి ఒక్కసారిగా మాయం కాలేదు. ఇక్కడ దీర్ఘకాలపు శాసనం అలవాటును పెంచిందనడానికి అవకాశం ఉంది. అయితే శాసనానికి పదిహేడేళ్ళ ముందే అలవాటు ఉన్నదన్నది నా ప్రత్యుత్తరం.

తెలుగు ప్రాంతాల విషయం

మన ప్రాంతాలకు వస్తే, తెలంగాణ ప్రభుత్వం 2020 మేలో మాస్కు లేనివారికి 1000 రూపాయల జరిమానా విధించింది. 2022 మార్చి 31తో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద కోవిడ్ ఆదేశాలను ముగించింది, మాస్కు కేవలం సలహాగా మిగిలింది. ఆ తరువాత కొద్ది నెలలలోనే అది ఆసుపత్రులకు పరిమితమైంది. దీన్ని నిర్లక్ష్యంగా చిత్రించడం తేలిక. కానీ ఇక్కడ మాస్కు స్వీకరించగల రెండవ పని అప్పటికే మరొక వస్త్రం చేతిలో ఉంది. 2020కి ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఎండకూ దుమ్ముకూ స్కూటరు మీది యువతులు కళ్ళు మాత్రం కనిపించేలా చున్నీ చుట్టుకునేవారు. నూర్పిడి చేసేవారూ, మిరప కల్లాలలో పనిచేసేవారూ ముక్కుకు తువ్వాలు కట్టుకునేవారు. జపాన్‌లో పుప్పొడి మాస్కుకు అప్పగించిన పనిని ఇక్కడ చున్నీ, తువ్వాలు ముందే చేపట్టాయి. ఇది ఇప్పటికి ఊహాప్రతిపాదన మాత్రమే. జరిమానా ఉత్తర్వులు ప్రభుత్వ దస్త్రాలలో ఉన్నాయి, వాటిని రేపైనా చదవవచ్చు. చున్నీ గురించిన సాక్ష్యం మాత్రం దాన్ని కట్టుకున్నవారి జ్ఞాపకాలలోనే ఉంది గనుక, మౌఖిక చరిత్ర పద్ధతిలో ఆ సేకరణ ఇప్పుడే మొదలుకావలసి ఉంది.