కేశరంజనము: నాడును నేడును

నెరసిన వెండ్రుకలను నల్లచేయవలెననియు, నల్లని వెండ్రుకలను బంగారు వన్నెకు మార్చవలెననియు కోరుట ఈనాటి వింత కాదు. ఆ కోరిక ఎంత పురాతనమో, దానివలన జుట్టు చెడుటయు అంత పురాతనమే. క్రీ.పూ. 43లో జన్మించిన రోమను కవి ఓవిడ్ తన 'అమోరెస్' ప్రథమ భాగమున ఒక కవితను ఈ విషయమునకే కేటాయించెను. తాను వలదని వారించినను ప్రియురాలు రంగులు పూయుట మానలేదనియు, తుదకు జుట్టు రాలిపోయినదనియు, ఇక జర్మను బందీల కేశములే ఆమెకు శరణ్యమనియు నిందించి, పోయిన జుట్టు మరల పెరుగునని కడపట ఓదార్చెను. ఆ నింద మాట యెట్లున్నను, ఓదార్పులోని సత్యము మనకు నేటికిని పనికివచ్చును.

వెండ్రుకకు ప్రాణము చర్మము క్రింది కుదుటిలోనే కలదు. వెలుపల కనబడునది కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవమైన పోగు. దానిపై పెంకుటింటి కప్పువలె ఒకదానిపై నొకటి ఒరిగిన పొలుసులుండును. లోపల మెలనిన్ అను వర్ణపదార్థముండును. రంగు ఆ కప్పుపై నిలుచునా, కప్పును లేవనెత్తి లోనికి చొరబడునా అను భేదమే కేశరంజన చరిత్రకు కీలకము.

మన దేశమున 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో ఒక విధానమును వివరించెను. అరికెల బియ్యమును ఇనుప పాత్రలో, ఇనుప రజనుతో కూడ పులిసిన ద్రవమున ఉడికించి, మెత్తగా నూరి తలకు పట్టించి, పచ్చియాకులతో కట్టవలెను. రెండు జాములైన పిదప దానిని తీసివేసి, ఉసిరికముద్ద పూసి, మరి రెండు జాములుంచి కడుగవలెను. కరక్కాయలు, అన్నభేది కలిపి సిరా చేసికొనిన మన పెద్దలకు ఇందలి రహస్యము సుబోధమే. ఇనుమును, కాయలలోని వగరును కలిసిన నలుపు పుట్టును. ఓర్పుతో కూడిన ఈ పద్ధతియందు వెండ్రుకలోని సహజవర్ణమును హరించు ప్రయత్నము లేదు.

వర్ణమును హరింపగోరిన వారి కథ వేరు. 16వ శతాబ్దిని వెనీసు నగర స్త్రీలు జుట్టును ద్రావకములతో తడిపి, మిద్దెలపై నడినెత్తిలేని టోపీలు ధరించి, ఎండలో కూర్చుండెడివారు. 1590లో వెచెల్లియో ప్రకటించిన వేషధారణ గ్రంథమున ఆ చిత్రమును నేటికిని చూడవచ్చును. టోపీ యంచు ముఖమును కాపాడెను. జుట్టు మాత్రము ఎండకు వదలబడెను.

ఎండ చేయు పనిని పిమ్మట రసాయనములు త్వరితముగ చేయసాగినవి. 1818లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు థెనార్డు హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొనెను. 1863లో హోఫ్‌మన్ పారాఫెనిలీన్ డయమిన్ అను పదార్థమును వెలువరించెను. 1907లో యూజిన్ షూలర్ ఇట్టి కృత్రిమ పదార్థములతో తలరంగును తయారుచేసి, 1909లో వ్యాపారసంస్థను స్థాపించెను. నేటి స్థిరమైన రంగులలో పెక్కింటికి ఇవియే మూలము. అమ్మోనియా వంటి క్షారము పొలుసులను లేపును. పెరాక్సైడు మెలనిన్‌ను నశింపజేయును. సూక్ష్మమైన రంగు అణువులు లోనికి చొచ్చి, అచ్చట పరస్పరము కలిసి పెద్దవై చిక్కుకొనును. ఇది మరల మరల జరిగినచో పొలుసులు సరిగ మూసికొనవు; పైనున్న సహజమైన జిడ్డుపొర పోవును; వెండ్రుక తడిసినప్పుడు సాగి, ఆరినప్పుడు తెగును.

అపాయము జుట్టుతో ఆగదు. 1933లో అమెరికాలో ఒక కనురెప్పల రంగు వలన స్త్రీలు చూపు కోల్పోయిరి. 1938లో అచ్చట సౌందర్యద్రవ్యములపై చట్టము వచ్చెను. పారాఫెనిలీన్ డయమిన్ కొందరి చర్మమునకు పడదు. 'నల్ల గోరింట' పేర అమ్మబడు పొడులలోను అది కలిసియుండవచ్చును. కావున కొత్త రంగును ముందుగ మోచేతి మడతపై కొంచెము పూసి, రెండు దినములు పరీక్షించుట మేలు. దురద, ముఖమున వాపు కనబడినచో వైద్యుని చూడవలెను.

ఇప్పటికే జుట్టు చెడినవారు చేయవలసినదేమి? నిర్జీవమైన పోగును ఏ లేపనమును బ్రదికింపజాలదు. పొలుసులను అణచి మెరుగునిచ్చునే గాని, పోయిన బలమును పూర్ణముగ తిరిగి ఈయజాలదు. ముందు రంగును, వేడి ఇనుప కడ్డీలను మానవలెను. తలంటుకు ముందు కొబ్బరినూనె రాయుట మంచిది. అది వెండ్రుకలోనికి చొచ్చి, కడుగునప్పుడు మాంసకృత్తు నష్టమును తగ్గించునని 2003లో ప్రచురితమైన పరిశోధన నిరూపించినది. తడిజుట్టును లాగి దువ్వరాదు. చిట్లిన కొనలను కత్తిరింపవలెను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. జానెడు కొత్తజుట్టుకు దాదాపు రెండేండ్లు పట్టును.

ఓవిడ్ చెప్పిన ఓదార్పునకు అర్థమిదియే. కుదురు చెడనంతవరకు నష్టము శాశ్వతము కాదు. రంగు ఒక గంటలో వచ్చును. జుట్టు మాత్రము తన కాలమునకే వచ్చును. ఆ కాలమును దానికిచ్చుటయే మనము చేయగల చికిత్స.