బ్రాయిలర్ దాణాలో ఎంజైములు: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గించకూడదు

బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో దాదాపు మూడింట రెండొంతుల ఖర్చు దాణాదే. మొక్కజొన్న, సోయా చెక్క ధరలు పెరిగాయంటే పరవాడ, అనకాపల్లి వైపు షెడ్లలో లెక్క మొత్తం తారుమారవుతుంది. 2021లో సోయా ధర ఎంతగా ఎగిసిందంటే, ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటప్పుడే దాణాలో పోషకాలు కొంత తగ్గించి, ఎంజైములతో సర్దుకోవచ్చా అనే మాట వస్తుంది. సర్దుకోవచ్చు, కాకపోతే ఏది తగ్గిస్తున్నామో తెలిసుండాలి.

అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది ఫైటేజ్. గింజల్లో, తవుడులో ఉన్న భాస్వరంలో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ రూపంలో బిగిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీసే శక్తి కోడి పేగులకి చాలా తక్కువ. దాంతో అది రెట్టలోనే పోతుంది, పైగా డీసీపీ కొని కలపాలి. ఆ డీసీపీకి మూలమైన రాక్ ఫాస్ఫేట్ మన దేశానికి ఎక్కువగా దిగుమతే. విశాఖ పోర్టులో దిగే సరుకుల్లో అదీ ఒకటి. ఫైటేజ్ 1991లో మార్కెట్లోకి వచ్చింది. కిలో దాణాకి 500 యూనిట్లు పడితే సుమారు 0.1 శాతం భాస్వరం కోడికి అదనంగా అందుతుందని సాధారణ లెక్క. అంటే టన్నుకి కిలో. 18 శాతం భాస్వరం ఉన్న డీసీపీలో చూస్తే ఐదున్నర కిలోల ఆదా.

గోధుమ, తవుడు ఎక్కువైతే జైలనేజ్ ఉపయోగం. పేగులో జిగురు తగ్గి, లిట్టర్ కూడా పొడిగా ఉంటుంది. మొక్కజొన్న దాణాలో దాని ఫలితం అంత గట్టిగా కనిపించదు. ప్రోటియేజ్ మాంసకృత్తుల జీర్ణాన్ని పెంచుతుంది.

అసలు దెబ్బ లెక్కలో తగులుతుంది. రెండు ఎంజైములు కలిపి, రెండు ప్యాకెట్ల మీదున్న ఆదానూ పూర్తిగా కూడేస్తే దాణా బక్కచిక్కినట్టే. ఒకటి చేసిన పనినే రెండోది కొంతవరకు మళ్లీ చేస్తుంది. పెల్లెట్ మిల్లులో వేడి 80-85 డిగ్రీలు దాటితే పూత లేని ఎంజైము చాలావరకు చచ్చిపోతుంది. సున్నపురాయి పొడి ఎక్కువైనా ఫైటేజ్ పని మందగిస్తుంది. కాబట్టి భాస్వరంతో పాటు కాల్షియం కూడా సరిచేయాలి.

ఇవేవీ చూసుకోకుండా డీసీపీ కోసేస్తే నష్టం కాళ్లలో కనిపిస్తుంది. ఎముక గట్టిపడక పిల్లలు కుంటుతాయి, మేత తొట్టి దాకా నడవలేవు, బరువు పడిపోతుంది. కొత్త ఫార్ములాని అన్ని షెడ్లలో ఒకేసారి దింపకుండా, ముందు ఒక గదిలో పాత దాణా, పక్క గదిలో కొత్తది వేసి, వారం వారం తూకం, కాళ్లు, లిట్టర్ తడి చూసుకోవాలి.