రాని పాతిక డాలర్లు

కాల్గరీలో హైస్కూలు ప్రిన్సిపాల్‌గా ఉన్న విలియం అబర్‌హార్ట్ ఆదివారాలు రేడియోలో బైబిలు చెప్పేవాడు. కెనడాలోని ఆల్బర్టాకు అవి గడ్డు రోజులు. గోధుమకు ధర లేదు, వాన లేదు, దక్షిణాన పొలాలు దుమ్మై లేచిపోతున్నాయి. అప్పు మాత్రం నిలిచే ఉంది. అలాంటి ఇళ్లలో ఆ గొంతుకు ఎంత విలువో ఊహించుకోవచ్చు. 1932 నుంచి ఆయన ప్రసంగాల్లో దేవుడితోపాటు ‘సోషల్ క్రెడిట్’ కూడా వినిపించసాగింది.

ఆ సిద్ధాంతం బ్రిటిష్ ఇంజనీరు మేజర్ సి.హెచ్. డగ్లస్‌ది. సరుకు ధరలో జీతాలు, డివిడెండ్లు ఒక భాగం. ముడిసరుకుకూ బ్యాంకులకూ కట్టేది రెండో భాగం. జనం చేతికొచ్చేది మొదటిదే అయినప్పుడు మొత్తం సరుకును ఎలా కొంటారు? ఆ లోటును అందరికీ డబ్బు పంచి పూడ్చాలన్నాడు. రెండో భాగం కూడా ఎక్కడో ఎవరికో ఆదాయంగా చేరేదేనని ఆర్థికవేత్తలు తప్పు చూపారు. తప్పే. కానీ పండించినదానికి కొనేవాడు లేక కూర్చున్న రైతుకు అది తన బతుకు లెక్కలాగే కనిపించింది. అతణ్ణి అమాయకుడనడానికి నాకు నోరు రాదు.

పెద్దవాళ్లందరికీ నెలకు 25 డాలర్లన్నాడు అబర్‌హార్ట్. 1935 ఆగస్టు 22న జరిగిన ఆల్బర్టా ఎన్నికల్లో ఆయన సోషల్ క్రెడిట్ పార్టీ 63 సీట్లలో 56 గెలిచింది. అప్పటిదాకా ఏలిన రైతుల పార్టీకి ఒక్కటీ మిగల్లేదు.

ఖజానా ఖాళీ. 1936 ఏప్రిల్‌లో బాండ్ల బాకీ తీర్చలేక చేతులెత్తేశారు. నోట్లకు బదులు ఇచ్చిన సర్టిఫికెట్లు చెల్లాలంటే వారం వారం సెంటు స్టాంపు అంటించాలి. వాటిని ముట్టుకోవడానికే చాలామంది వెనకాడారు. 1937లో సొంత ఎమ్మెల్యేలే తిరగబడ్డారు. బ్యాంకుల మీద తెచ్చిన చట్టాలను కేంద్రం రద్దు చేసింది. వీటన్నిటికన్నా బాధ పెట్టేది పత్రికల బిల్లు. ప్రభుత్వం పంపిన వివరణ అచ్చేయాలి, వార్త ఎవరిచ్చారో చెప్పాలి! నోరులేనివాళ్ల తరఫున వచ్చిన మనిషి ఎదుటివాళ్ల నోరు నొక్కబోయాడు. లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదించలేదు; 1938లో సుప్రీంకోర్టు చెల్లదంది.

1943లో అబర్‌హార్ట్ వాంకూవర్‌లో కన్నుమూశాడు. పాతిక డాలర్లు ఎవరికీ ముట్టలేదు. శిష్యుడు ఎర్నెస్ట్ మానింగ్ పాతికేళ్లు ఏలాడు గాని, ఆదుకున్నది 1947లో లెడ్యూక్‌లో పడిన చమురు. డగ్లస్ పేరుకే మిగిలాడు. 1957లో డివిడెండు పంచారు: మనిషికి 20 డాలర్లు, అదీ ఏడాదికి, చమురు సొమ్ములోంచి. 1971లో పార్టీకి అధికారం పోయింది. 1982 ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు.