మెతుకుసీమలో మూడు దినములు

డెన్మార్కు దేశమున రోస్కిల్డె యను ప్రాచీన పట్టణము కలదు. వైకింగులను సముద్రవీరుల కాలమునుండి ప్రసిద్ధి కెక్కిన తావది. సుమారు 1070 ప్రాంతమున శత్రువుల నావలు లోనికి రాకుండుటకై, పాతబడిన యైదు ఓడలలో రాళ్లు నింపి సముద్రపు పాయలో ముంచి దారి మూసివైచిరి. ఆ ఓడలు తొమ్మిది వందల యేండ్లు బురదలో నిద్రించినవి. 1962లో చుట్టును కట్ట వేసి, నీరు తోడి, వాని ముక్కలను వెలికి దీసిరి; 1969లో వానికొక ప్రదర్శనశాల యేర్పడినది. అందులో నొక పెద్ద యోడ దూలములలోని వలయములను లెక్కించి, ఆ చెట్లు 1042 ప్రాంతమున ఐర్లండులోని డబ్లిను చెంత కొట్టినవని పండితులు నిర్ణయించిరి. కథ చెప్పువా డొక్కడును లేకున్నను కొయ్యయే సాక్ష్యము పలికినది!

ఈ సంగతి యొకనాటి రాత్రి మా యింట చదువుచుండగా, పిల్లలు "మన ప్రాంతమున నిట్టి యూరు లేదా?" యని యడిగిరి. మేము కాపురముండునది అల్లాదుర్గము. బేతాళస్వామి జాతరకు తప్ప మా యింటి యాడువారు ఊరు దాటి చూడబోయిన చోటు లరుదు. 2016 నుండి మాకు జిల్లా కేంద్రమైన మెదకునైనను వారు కచేరీ పనులకు పోవు మగవారి నోట విన్నదే కాని కన్నది కాదు. ఇది మా తప్పే. కావున అత్తగారితో సహా అందరము బయలుదేరితిమి.

మెదకు కోటను కాకతీయుల నాటిదందురు. మెతుకు దొరకు సీమ గనుక మెతుకుదుర్గమైనదనియు జనులు చెప్పుదురు. గోలకొండ సుల్తానుల యేలుబడిలో దీనికి గుల్షనాబాదను పేరు వచ్చినది. గుట్ట యెక్కుచుండగా ఒకదాని వెనుక నొకటిగా ద్వారములు వచ్చును. మొదటి ద్వారముపై గండభేరుండము, గజద్వారమున ఏనుగులు. పైన 17వ శతాబ్దపు మసీదొకటి, ఆ కాలపు ఫిరంగి యొకటి యున్నవి. ఒక దొర కట్టిన గోడపై వేరొక దొర గుమ్మము పెట్టించుట, ఒకరి బురుజుపై మరియొకరి ఫిరంగి నిలుచుట ఇచ్చట కన్నులార చూడవచ్చును. ఇది మావారిది, అది పరులదని గీత గీయబోవువారు ఈ మెట్లొకసారి యెక్కి దిగుట మంచిది. అత్తగారు నడుమ మూడుసార్లు కూర్చుండిరి గాని మరలిపోదమని యనలేదు.

కోటనుండి చూచిన చర్చి శిఖరము స్పష్టముగ కానవచ్చును. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠితమైన మందిరమది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. లోపలి రంగుటద్దముల గవాక్షములు ఫ్రాంక్ సాలిస్బరీ చిత్రించినవి: క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చిరి. పగటి వెలుతురు వెనుకనుండి సోకినప్పుడు గాని ఆ బొమ్మలు ప్రాణము పోసికొనవు. మబ్బు కమ్మిన వేళ మేము లోనికి బోయి నిరాశపడితిమి. గడియకు మబ్బు విడినంతనే పిల్లలు కేక వేసిరి.

ఆ గోపురము చార్మినారుకంటె నెత్తగుటచే నిజాము ప్రభువునకు కంటగింపైనదని యొక కథ వాడుకలో నున్నది. మాకు తోడుగ వచ్చిన పెద్దమనిషి దానినే రెండుమార్లు చెప్పెను. చార్మినారు సుమారు 160 అడుగులు గనుక కథ పుట్టుటకు చోటున్నది. ఆ చోటే దానికి ప్రమాణము కానేరదు. మాకు మాత్రము కథకంటె కరవే ముఖ్యముగ తోచినది. ఆ దినములలో ఈ సీమ కరవుతో నలిగినది. ఊరక గంజి పోయుటకంటె పని కల్పించి కూలి యిచ్చుట మేలని పాస్నెట్ దొర తలంచెను. మెతుకుసీమ యని పేరు పొందిన చోటనే జనులు మెతుకునకై రాళ్లు మోసిరి. మా చిన్న పాప "మోసినవాండ్ల పేరులేవి?" యని గోడలు వెదకినది. మేము చూచినంతలో ఒక్కటియు కంటబడలేదు.

మరునాడు కొల్చారము పోయితిమి. కాళిదాసు కావ్యములకు సంజీవని యను వ్యాఖ్యను, భారవికి ఘంటాపథమును, మాఘునికి సర్వంకషను సంతరించిన కోలాచల మల్లినాథసూరి ఈ యూరివాడని ప్రసిద్ధి. ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ఆయన వ్యాఖ్యారంభమున మాట యిచ్చెను. ఆ ప్రతిజ్ఞకును, డెన్మార్కు పండితులు కొయ్య వలయములు లెక్కించుటకును బంధుత్వము కలదని మాకు తోచినది. ముందునాటి పెద్దమనిషి కథ జ్ఞప్తికి వచ్చి కొంచెము నవ్వితిమి. అట్టి కథలు మేమును పిల్లలకు చెప్పియుంటిమి గాన ఆ నవ్వు మాపైకే తిరిగినది.

మూడవనాడు తిరుగు దారిలో జోగిపేటయొద్ద బస్సు దిగితిమి. 1930 మార్చిలో నిజామాంధ్ర మహాసభ మొదటి సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన దిచ్చటనే. అంతకు తొమ్మిదేండ్ల క్రిందట, 1921లో, హైదరాబాదున ఒక సంస్కార సభలో తెలుగున మాటాడబోయిన వక్తను గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండి మొలకెత్తిన సంఘమే పెరిగి యీ సభయైనది. దానితోబాటే మహిళల సభయు జరుగగా, నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. ఆనాడు తెలంగాణమున ఆడువారు నలుగురి నడుమ అధ్యక్షపీఠమున గూర్చుండుట చిన్న మాట కాదు.

ఈ సంగతి వినగనే అత్తగారు, "ఆ సభ యే వీథిని జరిగినది? చూపుడు" అనిరి. కోట చూపుటకు దారి పొడుగున మనుష్యులుండిరి. దీనిని చూపువారు లేకపోయిరి. టీ దుకాణమున అడిగితిమి. దుకాణదారు కొంతసేపు యోచించి, ఏ సభయని మమ్మునే మారడిగెను. చీకటిపడుచుండెను, నాందేడు బాటను పోవు బస్సు వచ్చినది.

ఇల్లు చేరిన పిమ్మట అత్తగారు దీపమునొద్ద పంచాంగము తెరచి, పాపను పిలిచి, అంచున వ్రాయుమనిరి: "1930 మార్చి. జోగిపేట. నడింపల్లి సుందరమ్మగారు." పాప వ్రాసి, "చర్చికి రాళ్లు మోసిన వాండ్లను గూర్చియు వ్రాయనా, అమ్మమ్మా?" యని యడిగినది. క్రింద రెండు గీతలంత చోటు విడిచి పంచాంగము మూసితిమి.